నాన్న ఉన్నవాడు

ఆ ఊళ్ళో ఫోను పలకాలంటే గొర్రెల దొడ్డి వెనకున్న గుట్ట ఎక్కాలి. కైసర్ రోజూ పొద్దున్నే ఆ గుట్టెక్కి, గాలికి వీపు తిప్పి, చెవికి చెయ్యి అడ్డం పెట్టుకుని, నడుం వంచి అల్మాటీ నగరంలో ఉన్న తన ఆఫీసుతో మాట్లాడతాడు. కింద ఆవుల దగ్గర కూర్చున్న ఆడవాళ్ళకి అదో వేడుక. "చదువుకున్నాయన గుట్టకి దండాలు మొదలెట్టాడు," అని నవ్వుకుంటారు. ఆ బుధవారం కూడా నవ్వుకున్నారు. కానీ ఆ రోజు ఫోను అల్మాటీ నుంచి రాలేదు. సరిహద్దు అవతలి నుంచి, మంగోలియాలో కజకులుండే ఓల్గీ నుంచి వచ్చింది.

"ముసాఖాన్ తాత పోయాడు," అన్నాడు అక్కడ కైసర్ పనులు చూసిపెట్టే మాస్టారు. "నిన్న పొద్దున. గుర్రానికి నీళ్ళు పెట్టొచ్చి గోడకి ఆనుకుని కూచున్నాడంట, అంతే. మట్టి కూడా అయిపోయింది. ఇక్కడివాళ్ళు ఒకటే మాట చెప్పమన్నారు. కొడుకు తిలేఖాన్‌కి నువ్వు చెప్పకు. పెద్దవాళ్ళకి చెప్పు, వాళ్ళు చూసుకుంటారు."

ఆ మాట కైసర్‌కి ఎవరూ చెప్పక్కర్లేదు. అతనూ కజకు తల్లి కడుపున పుట్టినవాడే. చావు కబురు ఎవరు పడితే వాళ్ళు మొహాన పారేసేది కాదు. దగ్గర బంధువు, ఊరి పెద్దలు కలిసి వచ్చి, కూర్చుని, ఆ మాటా ఈ మాటా చెప్పి, మనసుని మెల్లగా అక్కడికి నడిపించి చెప్పాలి. అప్పటిదాకా ఊరందరికీ తెలిసినా ఆ ఒక్కడికీ తెలియకూడదు. కైసర్ ఫోను జేబులో పెట్టుకుని కాసేపు అలాగే వంగి ఉండిపోయాడు. ఆడవాళ్ళ నవ్వు ఆగిపోయింది.

అతను ఆ ఊరికి రావడం ఏడాదిన్నరగా సాగుతోంది. కజకుల వలసల మీద పరిశోధన. డబ్బిచ్చేది ఎక్కడో సముద్రాల అవతలి సంస్థ. తాతల కాలంలో కొండలు దాటి మంగోలియా వెళ్ళిపోయినవాళ్ళ మనవలు ఇప్పుడు తిరిగొస్తున్నారు, సగం మంది ఇక్కడ, సగం మంది అక్కడ, ఇలా రెండు ముక్కలైన ఇళ్ళు ఎలా బతుకుతున్నాయన్నది విషయం. తిలేఖాన్ ఇంటికి కైసర్ నివేదికల్లో "మూడో కుటుంబం" అని పేరు. ఆ మూడో కుటుంబంలోనే అతను తింటాడు, పడుకుంటాడు, వదిన చేత మాటలు పడతాడు.

ఊరి పెద్ద ఓర్మాన్ తాత ఇంటి ముందు ఎండలో కూర్చుని గుర్రపు వెంట్రుకలతో తాడు పేనుతున్నాడు. కైసర్ చెప్పింది విని కూడా చేతిలో పాయ అయిపోయేదాకా పేనుతూనే ఉన్నాడు. అయ్యాక కొసన ముడివేసి, రెండు అరచేతులూ మొహానికి తాకించుకున్నాడు.

"మంచోడు," అన్నాడు. "నా గుర్రాన్ని ఓసారి దొంగిలించి మూడో రోజుకి తనే తెచ్చిచ్చాడు. మేమిద్దరం అక్కడ వయసులో ఉన్నప్పటి మాటలే. సరే. సెయిత్‌ఖాన్‌కి కబురు పెడతా. పోయినాయనకి తమ్ముడు వాడొక్కడే మిగిలాడు. జైసాన్ నుంచి ఎల్లుండి పొద్దుటికి వస్తాడు. వచ్చాక చెబుదాం."

"అప్పటిదాకా?"

"అప్పటిదాకా నీ మొహం సర్దుకో. గుట్ట దిగుతుంటేనే నాకు తెలిసిపోయింది, ఎవరో పోయారని. అదే మొహమేసుకుని వాడి ఎదట తిరిగితే నేనూ సెయిత్‌ఖానూ వచ్చి చెప్పేదేముంది?"

కైసర్ నేరుగా ఇంటికి పోలేక ఏటి వైపు నడిచాడు. బాధ ఒక్కటే అయితే మొహం సర్దుకోవచ్చు. దాని కింద ఇంకోటి ఉంది. ఆగస్టులోనే ప్రాజెక్టు బండి సిద్ధంగా ఉంది, సరిహద్దు కాగితాలూ సిద్ధంగా ఉన్నాయి. తిలేఖాన్ సంచి కూడా సర్దుకున్నాడు. అప్పుడే డబ్బిచ్చేవాళ్ళు ఓ మాటన్నారు. తండ్రీ కొడుకూ ఇన్నేళ్ళకి కలుసుకోవడం కెమెరాతో తీస్తే బాగుంటుంది, మా మనుషులు నవంబరులో వస్తారు, అని. ఇన్నేళ్ళు ఆగినవాళ్ళు ఇంకో మూడు నెలలు ఆగలేరా అనుకున్నాడు కైసర్. అనుకోవడమేమిటి, పైకే అన్నాడు. తిలేఖాన్ తల గోక్కుని, "నీ బండి, నీ ఇష్టం తమ్ముడూ," అని సంచి విప్పేశాడు.

గురువారం మధ్యాహ్నం తిలేఖాన్ కొట్టంలోంచి కేకేశాడు. "ఇటు రా, నీ ఒళ్ళుతో పనుంది."

కొట్టం నిండా పచ్చితోలు వాసన, చెక్కపొట్టు వాసన. బల్ల మీద జీను ఉంది. భూర్జ చెక్కని ఎండాకాలమంతా నీడన ఆరబెట్టి, చిత్రిక పట్టి, తడి తోలు బిగించి, అది ఆరి చెక్కకి చర్మంలా అతుక్కున్నాక ఇప్పుడు అంచులు కుడుతున్నాడు. మామూలు జీనుకి ముందు కొమ్ము ఎత్తుగా ఉంటుంది. దీనికి బాగా దించేశాడు, కాలు ఎత్తలేని ముసలాయన కోసం. ఎడమ పక్క ఒత్తిన ఉన్ని ఇంకో పొర వేశాడు.

"ఎక్కి కూచో," అన్నాడు తిలేఖాన్, జీనుని అడ్డంగా వేసిన దుంగ మీద పెట్టి. "మా నాన్న కూడా నీలాగే ఎండు కట్టె. నువ్వు సరిపోతే ఆయన సరిపోతాడు."

"నాకు గుర్రపు స్వారీ రాదుగా అన్నా."

"దుంగ ఎక్కడికీ పరిగెత్తదులే, భయపడకు. కూచో."

కైసర్ కూర్చున్నాడు. తిలేఖాన్ మోకాళ్ళ మీద వంగి, రికాబు పట్టీ కొలత చూసి, అతని తొడ కింద అరచెయ్యి దూర్చి బరువు ఎక్కడ పడుతోందో తడిమాడు. పని చేసేటప్పుడు నాలుక కొస బయటపెట్టే అలవాటు అతనికి.

"ఎలా ఉంది?"

"బాగుంది."

"బాగుందంటే నాకేం తెలుస్తుంది? ఎడమ తుంటికి నొక్కుకుంటోందా? ఆయనకి ఆ తుంటే నొప్పి. నువ్వు చూశావుగా పోయిన వసంతంలో."

కైసర్ చూశాడు. ముసాఖాన్ గుమ్మం పక్కన రాయి మీద నిలబడి, అక్కణ్ణుంచి గుర్రమెక్కేవాడు. ఎక్కాక ఓ క్షణం కళ్ళు మూసుకుని, తుంటి కుదుటపడేదాకా ఆగేవాడు. ఆయన అడిగింది కూడా గుర్తుంది. రికార్డరు వైపు వేలు చూపించి, "దాన్లో నా మాటలు పట్టుకుపోతున్నావు బాగానే ఉంది, నా కొడుకునెప్పుడు తెస్తావు?" అన్నాడు.

"నొక్కుకోవడం లేదన్నా," అన్నాడు కైసర్.

"వచ్చే నెలేగా? మళ్ళీ మార్చవుగా?"

"మార్చను."

ఆ అబద్ధం ఎంత తేలిగ్గా వచ్చిందో చూసుకుని కైసర్‌కి ఒళ్ళు మండింది. దుంగ దిగబోతే తిలేఖాన్ ఆపాడు. తోలు అంచు గట్టిగా లాగి పట్టుకోమన్నాడు. ఆరెతో కన్నం పొడవడం, నరపు దారం దూర్చడం, పళ్ళతో లాగి బిగించడం. కైసర్ చనిపోయిన మనిషి జీను మీద కూర్చుని, తోలు పట్టుకుని, ఆఖరి కుట్టు పడేదాకా కదలకుండా ఉన్నాడు.

"అయిపోయింది," అని తిలేఖాన్ లేచి నడుం విరుచుకున్నాడు. "జీను అయిన రోజున గొర్రె కోస్తానని మొక్కుకున్నా. సాయంత్రానికి ఓర్మాన్ తాతని పిలుద్దాం. ఏం, అలా చూస్తావేం? మాంసం చేదా నీకు?"

వద్దనడానికి కైసర్‌కి సాకు దొరకలేదు. ఓర్మాన్‌కీ దొరకలేదు. కోసిన గొర్రెకి పిలిస్తే రానన్న మనిషి ఆ ఊళ్ళో లేడు, రానంటే ఏదో ఉందని వెంటనే తెలిసిపోతుంది. అందుకని ఓర్మాన్ చీకటి పడకముందే వచ్చి, పెద్దవాళ్ళకుంచే పై చోట కూర్చుని, వాతావరణం గురించి మాట్లాడటం మొదలుపెట్టాడు. ఆయన వాతావరణం గురించి అంతసేపు మాట్లాడటం ఎప్పుడూ ఎవరూ వినలేదు.

తిలేఖాన్ భార్య బాతెస్ పొయ్యి దగ్గర పిండి రేకులు ఒత్తుతోంది. ఆమెకీ తెలుసు. పొద్దున పాల దగ్గర ఓర్మాన్ భార్య చెవిలో వేసింది. రోజూ అయితే "మరిదిగారి జుట్టు రాలుతోంది, పెళ్ళిచూపులకి టోపీ పెట్టుకెళ్ళాలి," అని మొదలెట్టి, కైసర్ పళ్ళెం ఖాళీ అయ్యేదాకా అతన్ని వాయించి వదిలేది. ఈ రోజు తల ఎత్తలేదు.

"ఏమే," అన్నాడు తిలేఖాన్, "ఇవాళ మరిదిని ఒక్క మాటా అనలేదు, ఒంట్లో బాలేదా? ఆ కళ్ళేంటి?"

"ఉల్లిపాయలు."

"ఒక్క ఉల్లిపాయ కోశావు, ఊరందరికీ సరిపడా ఏడ్చావు."

బాతెస్ నవ్వబోయి, నవ్వు రాక, నీళ్ళు తెస్తానని బిందె పట్టుకుని బయటికెళ్ళిపోయింది. బిందె నిండుగానే ఉంది.

మాంసం వచ్చింది. వెడల్పాటి పళ్ళెంలో పిండి రేకులు, వాటి మీద ముక్కలు, అన్నిటికంటే పైన ఉడికిన తల. తలని పెద్దమనిషి వైపు తిప్పి పెట్టారు. ఓర్మాన్ దువా చేసి, కుడి చెంప నుంచి ఓ ముక్క కోసుకుని, చెవులు కోసి పక్కన పెట్టి, తలని అతిథి అయిన కైసర్ వైపు జరిపాడు. అంతవరకూ అన్నీ ఎలా జరగాలో అలాగే జరిగాయి.

తల విషయంలో ఆ జనానికో పట్టింపు ఉంది. తండ్రి బతికున్న మగాడు దాన్ని ముట్టడు. గడ్డం నెరిసినా సరే, తండ్రి ఉన్నంతకాలం అది అతని వంతు కాదు. కైసర్ తండ్రి ఎప్పుడో పోయాడు. పోయిన చలికాలం ఓ పెళ్ళిలో ఎవరో తెలియక తలని తిలేఖాన్ ముందుకు తోస్తే, అతను రెండు చేతులూ పైకెత్తి వెనక్కి జరిగాడు. "ఇటు తేవద్దు బాబూ, నాకు నాన్న ఉన్నాడు," అన్నాడు. అంత వయసున్న మనిషి ఆ మాట అనడం గొప్పే. పక్కనున్న ముసలివాళ్ళు కూడా అసూయగా నవ్వారు. కైసర్ ఆ రాత్రి ఇంటికొచ్చి ఆ పట్టింపు గురించి ఓ పేజీ నిండా రాశాడు. తర్వాత అది పత్రికలో కూడా అచ్చయింది.

అంత రాసినవాడు, ఆ సాయంత్రం నుదుటి దగ్గర ఓ పలుచని ముక్క కోసుకుని, తలని రెండు చేతులతో ఎత్తి, కత్తి పిడి అవతలివైపు తిప్పి, తిలేఖాన్ ముందు పెట్టాడు.

ఏదో ఆలోచించి చేసింది కాదు. రెండు రోజులుగా అతని బుర్రలో తిలేఖాన్ తండ్రి లేనివాడు. చేతికి కూడా అదే తెలుసు. నోరు కట్టుకున్నాడు, మొహం కట్టుకున్నాడు, చెయ్యి సంగతి మర్చిపోయాడు.

తిలేఖాన్ మామూలుగా రెండు చేతులూ పైకెత్తబోయాడు. నవ్వు కూడా సగం వచ్చింది. "ఏంటి తమ్ముడూ, అచ్చేసిందంతా..." అంటూ ఆగాడు. ఎవరూ నవ్వలేదు. పొరపాటైతే ఓర్మాన్ ఈపాటికి కైసర్‌ని నాలుగు తిట్టి ఉండాలి. ఓర్మాన్ తన మోకాళ్ళ వంక చూసుకుంటున్నాడు. తిలేఖాన్ కైసర్ మొహంలోకి చూశాడు. తర్వాత పొయ్యి దగ్గరికి చూశాడు. బాతెస్ గరిట పట్టుకుని గోడవైపు తిరిగి నిలబడింది.

పళ్ళెంలోంచి ఆవిరి లేస్తోంది. తిలేఖాన్ ఎత్తిన చేతుల్ని నెమ్మదిగా దించి, ఆ చేతులతోనే తలని పట్టుకున్నాడు. ఎంతసేపు పట్టుకున్నాడో కైసర్ చెప్పలేడు. అప్పుడతనికి తన వేళ్ళు కోసేసుకోవాలనిపించింది.

తిలేఖాన్ తలని మళ్ళీ కైసర్ వైపు తిప్పి పెట్టాడు. కత్తి కూడా.

"మర్చిపోయావు తమ్ముడూ," అన్నాడు. గొంతు మామూలుగానే ఉంది. "నాకు నాన్న ఉన్నాడు."

తర్వాత ఓర్మాన్‌ని అడిగాడు. "చిన్నాన్న ఎప్పుడొస్తున్నాడు?"

సెయిత్‌ఖాన్ వస్తున్నాడని అతనికెవరూ చెప్పలేదు. ఓర్మాన్ గొంతు సవరించుకున్నాడు. "రేపు పొద్దున నాయనా."

"అయితే ఆయన వాటా తీసి ఉంచు," అన్నాడు తిలేఖాన్ భార్యతో. "తినండి, చల్లారిపోతోంది."

తిన్నారు. తిలేఖాన్ కూడా తిన్నాడు. ఓర్మాన్ వాతావరణాన్ని మళ్ళీ అందుకున్నాడు, ఈ ఏడు మంచు తొందరగా పడుతుందన్నాడు. పడొచ్చని తిలేఖాన్ ఒప్పుకున్నాడు.

శుక్రవారం పొద్దున కైసర్ లేచేసరికి కొట్టంలో జీను లేదు. తిలేఖాన్ దాన్ని ఇంటి ముందు కంచె మీద పెట్టాడు. కానీ తిప్పి పెట్టాడు, ముందు కొమ్ము వెనక్కి. పోయినవాళ్ళ జీనుని అలా పెడతారు. పెట్టి, ఏమీ ఎరగనట్టు లోపలికెళ్ళి, ఉతికిన చొక్కా వేసుకుని, పెద్దవాళ్ళ కోసం కూర్చున్నాడు.

సెయిత్‌ఖాన్, ఓర్మాన్, ఇంకో ఇద్దరు పెద్దవాళ్ళు వరసగా వచ్చారు. వెనకాల కైసర్ కూడా లోపలికి వెళ్ళబోతే ఓర్మాన్ అతని జేబు మీద వేలు పెట్టాడు. రికార్డరు. ఏడాదిన్నరగా చొక్కాతోపాటు అదీ ఒంటికి ఎక్కుతోంది. కావాలని తెచ్చింది కాదని చెప్పబోయాడు కైసర్. చెప్పలేకపోయాడు. ఇలాంటి కబురు చెప్పడం ఇంతవరకూ ఎవరూ సరిగ్గా రికార్డు చెయ్యలేదన్న ఆలోచన బుధవారం ఏటి ఒడ్డునే ఓసారి వచ్చిపోయింది మరి. వెళ్ళి పెట్టెలో పెట్టొచ్చాడు.

ఓర్మాన్ మొదలుపెట్టాడు. ఎండిపోయిన చెరువుల గురించి చెప్పాడు, తనతో గుర్రాలు పరిగెత్తించి ఇప్పుడు లేని స్నేహితుల గురించి చెప్పాడు, ఎంత పెద్ద మంద అయినా సాయంత్రానికి ఏదో ఒకటి తక్కువొస్తుందని చెప్పాడు. దొంగిలించి తిరిగి తెచ్చిన గుర్రం గురించి కూడా చెప్పాడు. తిలేఖాన్ తల వంచుకుని, ఒక్కో మాటకీ "ఊఁ" కొడుతూ, మొదటిసారి వింటున్న మనిషిలా విన్నాడు. ఆఖరున సెయిత్‌ఖాన్ అతని భుజాల మీద చేతులు వేసి, "మా అన్న వెళ్ళిపోయాడు నాయనా," అన్నాడు.

తెలిసిన మాటే. అయినా అది చిన్నాన్న నోట వినగానే తిలేఖాన్ గొంతులోంచి వచ్చిన కేకకి బయట కుక్క మొరగడం మానేసింది. ఒక సాయంత్రమూ ఒక రాత్రీ దాన్ని లోపల ఎలా పట్టుకున్నాడో, కైసర్‌కి అర్థం కాలేదు. లోపలి గదిలో బాతెస్ శోకాలు అందుకుంది. మామగారి పేరు కోడలు పలకకూడదు కాబట్టి, "గుర్రాల వాసన చూసి వాటి తల్లిని చెప్పే మా పెద్దాయన" అని పాడుతూ ఏడ్చింది.

మధ్యాహ్నానికి చుట్టుపక్కల ఊళ్ళ నుంచి బళ్ళు రావడం మొదలైంది. పోయినాయన ఇంటి మగవాళ్ళు గుమ్మం పక్కన చేతికర్రల మీద ఒరిగి నిలబడ్డారు. వచ్చినవాళ్ళు బండి దిగి, దూరం నుంచే ఏడుస్తూ నడిచొచ్చి, ఒక్కొక్కరినీ కావిలించుకుంటున్నారు. కైసర్ నీళ్ళ బకెట్ల దగ్గర, టీ గిన్నెలు కడిగేవాళ్ళ మధ్య ఎక్కడో ఉన్నాడు. తిలేఖాన్ చెయ్యూపి పిలిచాడు.

"ఇక్కడ నిలబడు, నా పక్కన."

"అన్నా, నేనెవర్ని అక్కడ..."

"ఆఖరున ఆయన్ని చూసింది నువ్వే. వచ్చినవాళ్ళు అడుగుతారు. నాకేం తెలుసు చెప్పడానికి?" ఓ కర్ర తీసి అతని చేతిలో పెట్టాడు.

నిజంగానే అడిగారు. ఎలా ఉన్నాడు, ఏం తినేవాడు, గుర్రమెక్కగలిగేవాడా, ఇక్కడి నేల గురించి ఏమన్నాడు. ఎప్పుడు దాటారు, ఎవరు మిగిలారు, మళ్ళీ చూశారా అని ఏడాదిన్నరగా వీళ్ళందర్నీ తనడిగిన ప్రశ్నలే తిరిగి తనకే వస్తున్నాయి. అతను అడిగినప్పుడు వాళ్ళు ఇలాగే మాటలు వెతుక్కునేవారు. కైసర్ రాయి సంగతి చెప్పాడు, తుంటి సంగతి చెప్పాడు, కళ్ళు మూసుకుని ఆగడం చెప్పాడు. విన్నవాళ్ళు అతన్ని కూడా కావిలించుకుని ఏడ్చి లోపలికెళ్ళారు.

రబీగా అని ముసలావిడ వచ్చింది. ముసాఖాన్‌కి పినతల్లి కూతురు. మంగోలియాలో అదే లోయలో పుట్టి, కొడుకు వెంట ఇటొచ్చేసింది. అందరిలా లోపలికి పోకుండా కైసర్ ఎదట నిలబడిపోయింది.

"కొడుకుని తెమ్మని అడగలేదా?"

"అడిగాడమ్మా."

"మరి వీడెందుకు పోలేదు?"

కైసర్ నోరు తెరిచాడు. అతని కంటే ముందు తిలేఖాన్ అన్నాడు. "పని తెమల్లేదు అత్తా."

"పనా?" రబీగా కర్రతో నేల పొడిచింది. "చెక్కలు ఎక్కడికి పోతాయిరా? తోలు పారిపోతుందా? కన్నతండ్రి కంటే ఎక్కువైందా నీకు జీను?"

"నిజమే అత్తా."

"నిజమేనంట. ఇప్పుడు నిజమే." ఆమె ఏడుస్తూ లోపలికి వెళ్ళింది.

కైసర్ పక్కకి చూశాడు. తిలేఖాన్ ఎదురుగా వస్తున్నవాళ్ళ వైపే చూస్తున్నాడు. తర్వాత వచ్చినవాళ్ళలోనూ ఒకాయన అదే అడిగాడు, తిలేఖాన్ అదే చెప్పాడు, అదే తిట్టు తిన్నాడు. అది కైసర్ మీద కోపంతో చేసుంటే బాగుండేది. కోపం లేదు. ఇంటికొచ్చిన అతిథిని జనం మధ్య తల దించుకునేలా చెయ్యకూడదు, అంతే. సాయంత్రానికల్లా ఊళ్ళో అదే మాట స్థిరపడిపోయింది. తిలేఖాన్ పని వదల్లేక తండ్రి ఆఖరి చూపుకి నోచుకోలేదట. టీ గిన్నెలు అందించే ఆడవాళ్ళు కూడా అదే అనుకుంటున్నారు.

కైసర్ కర్రని గోడకి ఆనించి లోపలికెళ్ళాడు. రబీగా ఓ మూల గోడకి ఆనుకుని, టీ గిన్నె రెండు చేతులతో పట్టుకుని కూర్చుంది. అతను ఆమె ముందు మోకాళ్ళ మీద కూర్చున్నాడు.

"పెద్దమ్మా, మీరు తిట్టాల్సింది అతన్ని కాదు. ఆగస్టులోనే వెళ్దామని సంచి సర్దుకున్నాడు. నేనే ఆపాను. వచ్చే నెలకి మార్చాను."

చుట్టూ ఉన్న ఆడవాళ్ళ మాటలు తగ్గాయి. అతను తిట్టు కోసం ఎదురుచూశాడు. తిడితే కొంచెం తేలికపడేవాడు. రబీగా తిట్టలేదు. ఆమెకి నిజంగా అర్థం కాలేదు. గిన్నె కింద పెట్టి, తడి కళ్ళతో అతని మొహాన్ని పరకాయించి చూసింది.

"వచ్చే నెల ఏముంది నాయనా?"

ఆఫీసుకైతే దీనికి జవాబు రెండు పేజీలు రాసి పంపాడు, వాళ్ళు మెచ్చుకున్నారు కూడా. గుమ్మంలోంచి తిలేఖాన్ వీపు కనిపిస్తోంది, దాని అవతల కంచె మీద తిప్పి పెట్టిన జీను.

"ఏమీ లేదు పెద్దమ్మా," అన్నాడు కైసర్.